గోడ అవతలి పాదులు

గిరక మీద తాడు కిర్రుమంటూ కదులుతోంది, కానీ మార్తమ్మ చెవులు వీధి వైపే ఉన్నాయి, ఎడ్ల మెడ గంటల కోసం. పొద్దు ఇంకా బారెడు మిగిలే ఉంది. బావి ఒర మీద చెయ్యి పెడితే రాయి ఇంకా చురుక్కుమంటోంది. దవాఖానలో ఆయా పని ముగించుకుని వచ్చి కాళ్లైనా కడుక్కోకుండా ఇక్కడ నిలబడింది, ఇది పద్దెనిమిదో బొక్కెన. మే నెల ఎండలకి నీళ్లు ఎంత లోపలికి పోయాయంటే, తాడు వదిలాక బొక్కెన నీటిని తాకిన చప్పుడు పైకి వచ్చేలోపు ఒక మనిషి పేరు మూడుసార్లు అనుకోవచ్చు. ఆమె అనుకుంటోంది కూడా, షమ్సూ, షమ్సూ, షమ్సూ, అప్పుడు గుభీమని చప్పుడు. షమ్సున్నీసా ఈ సాయంత్రం వస్తోంది. ఎనిమిది నెలల తరవాత వస్తోంది. నిన్న ఆ కబురు తెచ్చింది లాజరు. దవాఖాన బండి తోలే లాజరు మందుల పెట్టెలు దింపడానికి పాపన్నపేట పోతే అక్కడ రేగోడు నుంచి వచ్చిన ఎడ్లబండి ఒకటి నీడన ఆగి ఉందట, అందులోంచి దిగిన మనిషి తనని గుర్తుపట్టి, రేపు పొద్దు గూకేలోపు వస్తున్నానని మార్తక్కకు చెప్పమందట. ఒక్కతే ఉందా, పిల్ల ఉందా, మొగుడు ఉన్నాడా అని అడిగితే లాజరు తల గోక్కున్నాడు. బండిలో ఎవరో దుప్పటి కప్పుకుని పడుకున్నారు, ఎవరో చూడలేదన్నాడు. ఆ దుప్పటి ఎంత పొడుగుందయ్యా అని కూడా అడిగింది. పెద్ద మనిషి పొడుగా, ఏడేళ్ల పిల్ల పొడుగా? లాజరు అది కూడా చూడలేదు.

బొక్కెన పైకి వచ్చింది, కడవలో పోసింది, నడుముకు ఎత్తుకుంది. గోడకి ఇవతల తన ఇల్లు, అవతల షమ్సున్నీసా వాళ్ల ఇల్లు. గోడ నడుమెత్తే, కట్టింది తన భర్త పేతురే, చర్చి కట్టిన మేస్త్రీల్లో ఒకడు, చచ్చిపోయి ఆరేళ్లయింది. బావి గోడ కిందకి సగం ఇటు, సగం అటు వచ్చేలా కట్టాడు, రెండు గిరకలు పెట్టాడు, ఎవరి వైపు నుంచి వాళ్లు చేదుకోవచ్చు. షమ్సున్నీసా పెళ్లయి వచ్చినప్పుడు పదహారేళ్ల పిల్ల, తెలుగు సగం, ఉర్దూ సగం. మొగుడు అస్గర్ తిత్తి భుజానేసుకుని ఊరంతా తిరిగి ఇత్తడి గిన్నెలకు కలాయి పోసేవాడు, ఆ నవసాగరం పొగకి ఇంటిల్లిపాదికీ దగ్గు. కొలిమి బూడిద పెరట్లో కుప్ప పోసేవాడు, ఆ బూడిదని చూసే ఆ పిల్ల ఒకరోజు గోడ మీదుగా తొంగిచూసి, మా పుట్టింట్ల బూడిద పారేయరు అక్కా, వంగచెట్లకు చల్లుతరు అంది. అలా మొదలైంది. సొర ఇత్తు మొన కిందికి పెట్టి బొటనవేలితో ఒక్క కణుపు లోతు నొక్కడం, బీరతీగకు పుల్ల ఎటు ఆనించాలో, బెండ ఎప్పుడు తెంపకపోతే ముదిరిపోతుందో, మార్తమ్మ ముప్పై దాటాక ఆ పిల్ల దగ్గరే నేర్చుకుంది. తనకు పిల్లల్లేరు. షమ్సున్నీసాకు నొప్పులొస్తే దవాఖాన దాకా పోయే వ్యవధి లేకపోయింది, తానే పట్టుకుంది, జారిపోయే ఆ వెచ్చటి తడి ముద్దని రెండు అరచేతుల్లో మొదట పట్టుకుంది తానే, ఆడపిల్ల, షాజహాన్ అని పేరు పెట్టుకున్నారు. ఏడేళ్లిప్పుడు, బతికి ఉంటే. ఆ మాట ఎందుకు వచ్చింది నోట్లోకి, దుప్పటి కింద ఉన్నది ఆ పిల్లే అయి ఉంటుంది, పిల్లే.

పక్క సందులోంచి అవతలి పెరట్లోకి పోయి సొరపాదులోకి నీళ్లు వంచింది. మట్టి నీళ్లు తాగేటప్పుడు ఒక చప్పుడు చేస్తుంది, చాలామంది వినరు, వంగి చెవి దగ్గరపెట్టాలి, చిట్‌చిట్‌మని సన్నగా, పాలు తాగే బిడ్డ గొంతులోలాగా. ఈ పాదు మొదలు ఆమె మణికట్టంత లావైంది. మొదలు దగ్గర్నుంచి తలెత్తి చూస్తే పందిరి నిండి, పందిరి మీద నుంచి పెంకుల మీదికి పాకి, ఇంటి కప్పు సగం కప్పేసింది. దాని వెనక, దూరంగా, చర్చి గోపురం. ఆ గోపురం కింద ఆమె ఇసుక మోసింది, కరువు ఏండ్లలో, పదిహేడేళ్ల వయసులో, పని చేస్తే తిండి దొరుకుతుందని ఊళ్లకు ఊళ్లు వచ్చి పని చేసిన రోజుల్లో. పేతురును చూసింది అక్కడే, సారువ కట్టెల మీద కూర్చుని రాయి అంచు చెవి దగ్గర పెట్టుకుని సుత్తితో తట్టి వినేవాడు. పదేళ్లు పట్టింది ఆ గోపురానికి, కొన్ని వందలమంది భుజాలు కాయలు కాచాయి, అది పూర్తయిన రోజు మెడ వెనక్కి వంచి పైకి చూసి ఆమె ఏడ్చింది, మనుషులు ఇంత ఎత్తు పోగలరా అని. మరి ఈ తీగ? దీన్ని ఎవరు మోశారు పైకి? నూరు దినాలు కూడా కాలేదు ఇత్తు నాటి. ఆ ఇత్తు గోరంత, తెల్లగా, తేలిగ్గా, ఊదితే ఎగిరిపోయేది, అందులో ఇన్ని ఆకులు ఎక్కడ పెట్టి పంపాడు దేవుడు? ప్రతి సాయంత్రం అదే ప్రశ్న, ప్రతి సాయంత్రం ఒళ్లు జలదరిస్తుంది, చర్చిలో పాట పాడినప్పుడు కూడా ఈ మధ్య ఇంత రావడం లేదు ఆ జలదరింపు. చర్చిలో పాడుతున్నప్పుడు గొంతు ఎక్కడో పట్టేస్తుంది. సెప్టెంబరు నుంచీ అంతే.

సెప్టెంబరు కంటే ముందు నుంచి అనుకోవాలి, న్యాయంగా అనుకోవాలంటే. నిరుడు ఈ రోజుల్లో ఊళ్లో ఎవరి తలుపు ఎప్పుడు కొడతారో తెలిసేది కాదు. నల్లగొండ వైపు సంఘం వాళ్లు గడీల మీద పడుతున్నారని, రజాకార్లు ఊళ్లు తగలబెడుతున్నారని, దవాఖానకు వచ్చిన ప్రతి మనిషీ ఒక కథ మోసుకొచ్చేవాడు, గాయం ఒకటి చూపించి కారణం ఇంకొకటి చెప్పేవాడు. రజాకార్లు ఈ వీధిలోకి కూడా వచ్చారు, ఇంటికింత బియ్యం ఇమ్మని, ఏడెనిమిది మంది, ఖాకీ చొక్కాలు, కర్రలు. వాళ్ల వెనక చివరగా నిలబడ్డ మనిషిని మార్తమ్మ గుర్తుపట్టింది. అస్గర్. తిత్తి మోసే భుజం మీద కర్ర ఉంది, వదులైన చొక్కా ఎవరిదో. అతను కళ్లెత్తలేదు. గోడ పక్క మనిషి, రంజాన్‌కు సేమియా గిన్నె గోడ మీద పెట్టి పేరు పెట్టి పిలిచే మనిషి, ఆ రోజు నేల చూస్తూ నిలబడ్డాడు. ఆమె బియ్యం కొలిచి పోసింది. అక్కడే ఉన్న లాజరు ఎదురుమాట ఏదో అంటే ఒకడు కర్ర ఎత్తాడు. అస్గర్ చటుక్కున ముందుకొచ్చి, ముసలాయన, జానే దో, పోనీ అని ఏదో నసిగి, లాజరును రెక్క పట్టుకుని పక్కకు తోశాడు, కర్ర గాలిలోనే ఆగింది. అది ఆమె చూసింది. చూసి కూడా ఎన్నాళ్లో ఆ ముక్క వదిలేసి ఖాకీ చొక్కానే గుర్తుపెట్టుకుంది. మరునాడు షమ్సున్నీసా గోడ దగ్గరికి వచ్చి, బలవంతంగ ఏసిన్రు అక్కా, రాకుంటె కొలిమి ఉండదన్నరు అని చెప్పబోతే, పనుందని లోపలికి పోయింది. ఆ తరవాత రెండు నెలలు గోడ మీద గిన్నె ఏదీ అటూ ఇటూ పోలేదు. షమ్సున్నీసా బీరకాయలు తెంపి గోడ మీద పెట్టేది, సాయంత్రానికి అవి అక్కడే వడలిపోయి ఉండేవి. తానే, చేతులారా, వడలనిచ్చింది.

కడవ దించి కొంగుతో మొహం తుడుచుకుంది. గంటల చప్పుడేనా? కాదు, ఎవరిదో మేక. ఇంకా ఆరు వంగలు, పుంటికూర మడి, మిరప మిగిలాయి. మనసు ఆ ఆదివారం వైపు పోతోంది, ఆపినా పోతుంది, ఇవాళ పోనివ్వాలి, ఇవాళ చెప్పాలి కదా, చెప్పే ముందు ఒకసారి మొదట్నుంచి చివరిదాకా చూసుకోవాలి. యూనియన్ మిలిటరీ పట్నం చేరిందని, నిజాం లొంగిపోయాడని తెలిసిన రెండో ఆదివారం. రజాకార్లు రాత్రికి రాత్రి మాయమయ్యారు, ఖాకీ చొక్కాలు బావుల్లో దొరికాయి. కొత్తగా ఎవరో గుంపు కట్టి తిరుగుతున్నారు, ఎక్కడెక్కడి వాళ్లో, పగ తీర్చుకునేవాళ్లు కొందరు, ఇళ్లు దోచుకునేవాళ్లు కొందరు. ఆ పొద్దు వీధిలో కేకేసి చెప్పారు, ఎవరింట్లోనైనా తురకలు దాగితే ఆ ఇల్లు కూడా మిగలదని. ముసురు పట్టి ఉంది, దీపాలు పెట్టే వేళ. తలుపు మీద చప్పుడు. గట్టిగా కాదు, వేళ్ల కణుపులతో. మార్తక్కా. మళ్లీ. మార్తక్కా, తలుపు తియ్యి. ఆ తరవాత పిల్ల దగ్గు, పొగ మింగిన దగ్గు కాదు, జలుబు దగ్గు, నోరు ఎవరో మూసినట్టు మధ్యలో తెగిపోయింది. మార్తమ్మ చెయ్యి గడియ మీదే ఉంది. ఇనుప గడియ చల్లగా ఉంది. లాగితే చాలు. ఆమె పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోంది, ముప్పై ఏళ్లుగా రోగుల మంచాల దగ్గర అందరికోసం చేసిన నోరు అది, ఆ రోజు ఏమని చేసిందంటే, ప్రభువా, వీళ్లను ఇక్కణ్నుంచి పంపించెయ్యి. అంతే. అదే మాట, మళ్లీ మళ్లీ. ఏడుసార్లు తట్టారు. తరవాత బురదలో కాళ్లు తీసి వేస్తున్న చప్పుడు, మూడు జతలు, వీధి చివరిదాకా. ప్రార్థన వినబడింది దేవుడికి. భయమా, కోపమా, చేతిని ఆపింది ఏది? ఎనిమిది నెలలుగా బొక్కెన వెంట బొక్కెన తోడుతూ అడుగుతూనే ఉంది, భయమే అయితే బాగుండుననిపిస్తుంది.

మరునాడు పొద్దున్నే వచ్చారు గుంపు వాళ్లు. తన ఇల్లు కూడా వెతికారు, గాదె మూత తీశారు, మంచం తిరగేశారు, తలుపు వెనక చూశారు. తరవాత గోడ అవతల తలుపు విరిగిన చప్పుడు, గిన్నెలు దొర్లిన చప్పుడు, మధ్యాహ్నానికి అంతా ఊరుకుంది. మూడో రోజు గోడ దాటి పోయింది, ఆ ఊగుతున్న తలుపు మూద్దామని మాత్రమే. పెరడంతా తొక్కి తవ్వి పోసి ఉంది, వెండి ఏమైనా పాతిపెట్టారేమోనని చూశారు కాబోలు. షమ్సున్నీసా ఇత్తులన్నీ బూడిదలో కలిపి ఉట్టి మీద ముంతల్లో దాచేది, ఆ ముంతల్లో ఏముందోనని పగలగొట్టి విసిరేశారు, బూడిదా పెంకులూ వాన బురదలో కలిసిపోయి ఉన్నాయి. తలుపును తాడుతో కట్టి వచ్చేసింది. పది రోజులు అటు చూడలేదు. పదో రోజో పన్నెండో రోజో వాన వెలిసి ఎండ కాస్తే గోడ మీద చెయ్యి ఆనించి చూసింది, చూసి అక్కడే కూలబడింది. పెరడంతా మొలకలు. తొక్కిన చోట, తవ్విన చోట, బూట్ల గుంటల్లో, విరిగిన ముంత పెంకుల కిందనుంచి, ఎక్కడ చూస్తే అక్కడ జంట ఆకులు, సొర, బీర, గుమ్మడి, బెండ, అన్నీ కలగాపులగంగా, ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పొయ్యలేదు, చెడగొట్టడానికి వచ్చిన చేతులే చల్లిపోయాయి. ఒక చిక్కుడు మొలక తన నెత్తి మీద ఇటుక ముక్కను ఎత్తుకుని నిలబడి ఉంది, మెడ వంగి, పాలిపోయి, అయినా ఎత్తుకుని. ఆమె ఇసుక తట్ట మోసింది కనుక తెలుసు ఆ మెడ సంగతి. గోడ దాటి దిగి ఆ ఇటుక ముక్క తీసి పక్కన పెట్టింది. తరవాత మోకాళ్ల మీద కూర్చుని, ఆకుల్ని బట్టి ఏది ఏదో చూసుకుంటూ, ఒక్కొక్క మొలకనూ మట్టితో లేపి, షమ్సున్నీసా ఏ మొక్కని ఎక్కడ పెట్టేదో గుర్తు తెచ్చుకుంటూ, అక్కడే నాటింది. చీకటి పడేదాకా నాటింది. ఆ రోజు దేవుణ్ని ఏమీ అడగలేదు, అడిగే మొహం లేదు, కానీ అంత దగ్గరగా ఆయన పని చేసుకుంటూ ఉంటే చూసినట్టు ఎన్నడూ అనిపించలేదు.

క్రిస్మస్‌కు కాయలు దిగాయి. తెంపి వీధిలో పంచింది, షమ్సున్నీసా వాళ్లవి అని చెప్పి మరీ పంచింది, కొందరు తీసుకున్నారు, కొందరు తలుపేసుకున్నారు. జనవరిలో ఇంద్రకరణ్ వచ్చాడు. హవేలిఘనపూర్ వైపు నుంచి వచ్చి ఊళ్లో ధాన్యం కొట్టు పెట్టిన మనిషి, కొట్టుకు దగ్గరగా ఇల్లు వెతుక్కుంటున్నాడు. తాడు కట్టిన తలుపు చూసి, మనిషి లేని ఇల్లు పాడుబడుతది గద మార్తమ్మా, నేనుంట అన్నాడు. చెడ్డవాడేం కాదు, మర్యాదగానే అడిగాడు, అందుకే ఇంకా కష్టమైంది జవాబు చెప్పడం. మనుషులున్నరు పటేలా, ఊరికి పోయిన్రు, మనుషులు లేని ఇంట్ల కూరగాయలు కాస్తయా అంది, అని నాలుగు వంకాయలు తెంపి అతని చేతిలో పెట్టింది. ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. అతను వంకాయలు చూసుకుని నవ్వి, వానల తేమకు ఎవలైనా కాయిస్తరు, ఎండకాలం రానియ్యి, పెరడు ఎండినంక మాట్లాడుదాం అని పోయాడు. అప్పట్నుంచి అది పందెం. ఫిబ్రవరిలో కొత్త ఇత్తులు పెట్టింది. మార్చిలో బావిలో నీళ్లు దిగాయి. ఏప్రిల్‌లో తాడుకు రెండు మూరలు ముడివేసింది. తన పెరడు ఎండిపోనిచ్చింది, ఇటు పోసే నీళ్లు కూడా అటే పోసింది, పొద్దున దవాఖానకు పోయేముందు ఇరవై బొక్కెనలు, వచ్చాక నలభై, అరచేతులు చిట్లి, వాటి మీదే ఆముదం రాసుకుని మళ్లీ తాడు. మొదళ్లలో ఎండుటాకులు పరిచింది, లేత మొక్కలకు మోదుగ కొమ్మలు గుచ్చి నీడ చేసింది. ఇంద్రకరణ్ వారానికొకసారి అటుగా పోతూ ఆగి చూసేవాడు. మొన్న ఆదివారం ఊరంతా గడ్డి కూడా మాడి ఎర్రగా ఉన్నప్పుడు వచ్చి, ఈ పందిరి కింద చాలాసేపు నిలబడ్డాడు, తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. కప్పు మీద తీగని, వేలాడే కాయల్ని చూశాడు. గిది నువ్వొక్కదానివే చేసినవా అని మాత్రం మెల్లగా అడిగాడు. తాను నీళ్లే పోసిందని చెప్పింది. అంతకంటే ఏం చెప్తుంది, నిజం అదే.

పొద్దు గోపురం పక్కకు వాలింది. ఇక పూలు విచ్చే వేళ. బీర పసుపు, సొర తెలుపు, రెండూ పగటి ఎండను నమ్మవు, సాయంత్రం చల్లబడ్డాకే కళ్లు తెరుస్తాయి. మార్తమ్మ కడవ పక్కన పెట్టి పందిరి కింద నిలబడింది. మొదట మొగ్గ మడత దగ్గర ఒక చిన్న వణుకు, గాలి లేదు, అయినా వణుకు, తరవాత ఒక రేకు అంచు వదులవుతుంది, తరవాత చూస్తూ ఉండగానే, రెప్ప వేస్తే పోతుంది, తడిసిన పట్టుగుడ్డ విప్పినట్టు తెల్లగా మొత్తం విచ్చుకుంటుంది. చప్పుడుండదు. ఎవరూ చూడకపోయినా విచ్చుకుంటుంది, నిరుడు తుపాకులు మోగుతున్నప్పుడూ విచ్చుకునే ఉంటుంది. మగ పువ్వు ఒకటి తెంపి, కింద పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో మెల్లగా తాకించింది, పుప్పొడి అంటేలా. అలా తాకిస్తే పిందె రాలదని నేర్పింది షమ్సున్నీసాయే. నేర్పుతూ నవ్వింది, ఇద్దరం మంత్రసానులమే అక్కా అంది. ఇప్పుడు ఆ మనిషి వచ్చి ఈ పందిరి కింద నిలబడితే ఏం చెప్పాలి? కాయలు చూపించి ఊరుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఆ సాయంత్రం నేను దవాఖానలో ఉన్నా అంటే నమ్ముతుంది, ఎందుకు నమ్మదు, సగం ఆదివారాలు డ్యూటీ పడేది. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా ఉందో చూసుకుని ఆమెకే భయం వేసింది. ఇంత పచ్చదనం చాటున దాక్కోవచ్చు, ఇద్దరు చచ్చేదాకా దాక్కోవచ్చు.

గంటలు. ఈసారి ఎడ్లవే. బండి ఇంటి ముందు ఆగింది. మార్తమ్మ చేతిలో పువ్వు అలాగే ఉండిపోయింది. దుప్పటి కదిలింది, అందులోంచి చిక్కిపోయిన కాళ్లు, చిన్న కాళ్లు. షాజహాన్. జ్వరం వచ్చి తగ్గిన మొహం, జుట్టు కత్తిరించి ఉంది, నడుస్తోంది, తానే నడుస్తోంది. వెనక షమ్సున్నీసా. ఇంకెవరూ దిగలేదు. బండివాడు మూట ఒకటి దించి ఎడ్లను మళ్లించాడు. షమ్సున్నీసా తాడు కట్టిన తలుపు వైపు పోలేదు, పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి వచ్చింది, వచ్చి పందిరి అంచున ఆగిపోయింది. కప్పు మీది తీగను చూసింది, బీరను, బెండను, ఎవరో కొలిచి పెట్టినట్టు తన చోట్లలోనే ఉన్న మడులన్నిటినీ చూసింది. మార్తమ్మ అడగలేక అడగలేక అస్గర్ పేరు పలికింది.

ఉన్నడక్కా, బతికే ఉన్నడు, సంగారెడ్డిల జైల్ల ఉన్నడు అంది షమ్సున్నీసా. మెల్లగా, అలసిపోయిన గొంతుతో చెప్పుకొచ్చింది. ఆ సాయంత్రం ఊరు దాటి, పొలాల వెంట నడిచి, పాపన్నపేట దగ్గర ఐలవ్వ అనే ముసలామె గడ్డివాములో మూడు రోజులు దాగి, మెల్లగా రేగోడులో పుట్టింటికి చేరారట. నెల తిరక్కుండానే పోలీసులు వచ్చి ఖాకీ తొడిగినవాళ్లందర్నీ పట్టుకుపోతే అతన్నీ పట్టుకుపోయారట. ఎవర్నీ కొట్టలేదు, ఏదీ దోచలేదు అని మెదకు వాళ్లు ఎవరైనా ఇద్దరు సంగారెడ్డి కచేరీకి వచ్చి చెప్తే వదులుతామంటున్నారట. ఎవలు వస్తరు, ఎవర్ని అడగాలె అని ఆమె అడగలేదు, ఊరికే చెప్పి ఊరుకుంది.

నేను వస్తాను అనేది ఒక్క మాట, మార్తమ్మ నాలుక చివరే ఉంది, కానీ దానికంటే ముందు రావలసింది ఒకటి అడ్డంగా ఉంది, అది కదిలితే తప్ప ఇది రాదు.

"షమ్సూ, ఆ పొద్దు నేను ఇంట్లనే ఉన్న. గడియ మీద చెయ్యి పెట్టుకోని నిలబడ్డ."

షమ్సున్నీసా ఆమె మొహం వైపు చూసింది. "ఎరికే అక్కా. తలుపవతల నువ్వు ప్రార్థన చేస్తున్నవు. ఇనబడ్డది. మా కోసమే అనుకున్న."

"మీ కోసం కాదు. మీరు పోవాలని చేసిన."

పిల్ల నీళ్లు కావాలని అడిగింది. షమ్సున్నీసా కడవలోంచి దోసిలితో తాగించింది, తడి చేతిని పిల్ల మెడకు రాసింది, చాలాసేపు రాసింది. తరవాత తలెత్తకుండానే అంది. "తెల్లారి మీ ఇల్లు గూడ సోదా చేసిన్రంట గద, లాజరన్న చెప్పిండు. లోపట ఉంటె ముగ్గురం దొరుకుదుము."

"అది నాకు అప్పుడు ఎరికలేదు గద."

"ఎరికలేదు," అని ఒప్పుకుంది షమ్సున్నీసా. ఆ ఒప్పుకోలులో కోపం లేదు, ఓదార్పూ లేదు, ఉన్నది ఉన్నట్టు రెండు అరచేతుల్లో పట్టుకుని చూసినట్టుంది. మార్తమ్మకు అప్పుడు తట్టింది. ఇంతకాలం ఈమెకు తెలుసు. రేగోడులో, గడ్డివాములో, జైలు గేటు దగ్గర, ఆ తలుపు వెనక తానున్నానని ఈమెకు తెలుసు, తెలిసే పాపన్నపేటలో లాజరును ఆపింది.

"మరి కబురు నాకెందుకు పంపినవ్?"

షమ్సున్నీసాకు ఆ ప్రశ్న అర్థం కానట్టుంది. కనుబొమలు ముడిపడ్డాయి. "ఇంకెవరికి పంపాలె అక్కా?"

వెలుతురు తగ్గుతోంది. ఎక్కడో ఒక మసీదు నుంచి పిలుపు, వెంటనే చర్చి గంట, రెండూ ఒకదానిమీద ఒకటి పడి ఊరి మీదుగా పోతున్నాయి. మార్తమ్మకు ఏడుపు రాలేదు. ఇన్నాళ్లూ ఆకుల్లోనూ పూలలోనూ చూసి నిలువునా వణికిన దాన్ని ఇప్పుడు ఒక మనిషి మొహంలో చూస్తోంది, ఎండకు కమిలిన, ముక్కు పక్కన చెమట కారుతున్న, ఆకలితో ఉన్న మామూలు మొహంలో, దాన్ని ఎంతసేపు చూడొచ్చో, ఎటు చూపు తిప్పుకోవాలో తెలియలేదు. సంగారెడ్డి నేను వస్త అంది. లాజరును గూడ తోల్కొస్త, ఆ పొద్దు కర్ర ఎవలు ఎత్తిన్రో, పక్కకు ఎవలు తోసిన్రో ఆయనే చెప్తడు, ఖాకీ తొడుక్కున్నడని గూడ చెప్త, నేను చూసింది మొత్తం చెప్త అంది. చెప్తున్నప్పుడు గొంతు పట్టేయలేదు. షమ్సున్నీసా తల ఊపింది, ఒక్కసారే. కొంగు నడుముకు దోపుకుని మడుల మధ్యకి నడిచింది, వంగచెట్ల దగ్గర ఆగి వంగి చూసి, గింత దగ్గర దగ్గర పెట్టినవేంది అక్కా, గాలాడద్దా అని విసుక్కుంది. తన వైపు గిరక మీద ఎనిమిది నెలలుగా ఊరికే ఉన్న తాడు విప్పి, బిగువు చూసి, బొక్కెన కట్టి బావిలోకి వదిలింది. రెండు చేతులతో లాగుతూ, మిరప ఇంకా తడవనే లేదు, కడవ ఇటు పెట్టు అంది.